పటం మీద చుక్క, ఊళ్ళో ఖాళీ: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బ్యాంకు సేవల లోటును కొలవడం ఎలా

శ్రీకాకుళం జిల్లా పటం తీసుకుని ప్రతి బ్యాంకు శాఖకూ, ప్రతి బ్యాంకు మిత్రకూ (బ్యాంకు తరఫున ఊళ్ళో నగదు ఇచ్చిపుచ్చుకునే ఏజెంటుకూ) ఒక చుక్క పెట్టి, ఒక్కో చుక్క చుట్టూ ఐదు కిలోమీటర్ల వలయం గీస్తే తెల్లగా మిగిలే చోటు బహు తక్కువ. 2019-24 కాలానికి రిజర్వు బ్యాంకు ప్రకటించిన జాతీయ ఆర్థిక సమ్మిళిత వ్యూహం పెట్టుకున్న గురి కూడా ఇదే. 2020 మార్చి నాటికి ప్రతి ఊరికీ ఐదు కిలోమీటర్ల లోపు, కొండ ప్రాంతాల్లో 500 గడపలున్న ప్రతి ఆవాసానికీ ఒక బ్యాంకింగ్ కేంద్రం ఉండాలన్నారు. ఈ కొలబద్దతో చూస్తే లోటు లేదనే తేలుతుంది. మరోపక్క, ఖాతాలో పడిన కూలి డబ్బు చేతికి రావడానికి రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తోందన్న మాట కొండ దిగువ ఊళ్ళలోనూ మత్స్యకార పల్లెల్లోనూ ఆగడం లేదు. రెండూ నిజమే. పటం కేంద్రాలను లెక్కపెడుతోంది, జనం చేతికొచ్చిన డబ్బును లెక్కపెడుతున్నారు. లోటు కనిపించాలంటే పటం కూడా రెండో లెక్క నేర్చుకోవాలి.

ముందు చుక్కల సంగతే చూద్దాం. సగం తప్పులు అక్కడే జరుగుతాయి.

శాఖలు, ఏటీఎంలు, బ్యాంకు మిత్రలు, తపాలా కార్యాలయాలు ఎక్కడున్నాయో చూపే జన్ ధన్ దర్శక్ యాప్ 2018లో వచ్చింది. ఊళ్ళ జాబితాకు 2011 జనగణన గ్రామ వివరాలు ఆధారం. అందులో ప్రతి ఊరికీ బ్యాంకు ఉందా లేదా, లేకపోతే ఐదు కిలోమీటర్ల లోపా, ఐదు నుంచి పదా, పది దాటా అన్నది నమోదై ఉంటుంది. ఈ రెండింటినీ కలపడానికి ఊరి పేర్లను వాడారంటే పని చెడిందన్నమాటే. కొత్తవలస, లక్ష్మీపురం లాంటి పేర్లు ఈ ప్రాంతంలో ఎన్నో ఊళ్ళకున్నాయి. పైగా ఇంగ్లిషు జాబితాల్లో ఒకే ఊరికి మూడు నాలుగు స్పెల్లింగులు ఉంటాయి. జనగణన గ్రామ కోడ్లతోనే కలపాలి. 2011 లెక్కలో శ్రీకాకుళం జిల్లా కోడ్ 542, విజయనగరానిది 543.

ఆ జిల్లాలు ఇప్పుడు ఆ రూపంలో లేకపోవడం ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళాయి. రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు విజయనగరంలో కలిశాయి. 38 మండలాల శ్రీకాకుళానికి 30 మిగిలాయి. విజయనగరం 34 నుంచి 27కు వచ్చింది, పార్వతీపురం డివిజన్‌లోని 11 మండలాలు మన్యానికి పోయాయి. 2021 నాటి జిల్లా అంకెను 2023 అంకె పక్కన పెట్టి బ్యాంకింగ్ పెరిగిందనో తగ్గిందనో చెప్పే నివేదికలో చాలాసార్లు కనిపించేది సరిహద్దు మార్పే. గిరిజన మండలాలు బయటికి వెళ్ళిపోతే జిల్లా సగటు దానంతటదే మెరుగుపడుతుంది. అందుకని కాలక్రమంలో పోల్చేటప్పుడు మండలాల వారీగా పోల్చాలి.

విలీనాల వల్ల ఒకే శాఖ రెండు చుక్కలుగా పడుతుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఒకప్పుడు శ్రీకాకుళం కేంద్రంగా నడిచిన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో భాగమైంది. ఆ బ్యాంకు ఆంధ్ర శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పేరు, కొత్త పేరు, పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్, కొత్త కోడ్ ఒకే జాబితాలో పక్కపక్కనే దొరుకుతాయి. ఒకదానికొకటి 50 మీటర్లలోపు ఉన్న ఒకే బ్యాంకు చుక్కలన్నిటినీ చేత్తో సరిచూడటం తప్ప దగ్గరి దారి లేదు.

బ్యాంకు మిత్రల జాబితా ఇంకా గజిబిజి. నమోదైన అక్షాంశ రేఖాంశాలు కొన్నిసార్లు అతను పనిచేసే ఊరివి కాక, అతన్ని నియమించిన శాఖవో అతని ఇంటివో అయి ఉంటాయి. పని మానేసినవాళ్ళు జాబితాలో మిగిలిపోతారు. ఒకే మనిషి రెండు సంస్థల కింద ఉంటే రెండు చుక్కలు. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిర్వచనం ప్రకారం బ్యాంకింగ్ కేంద్రం అనిపించుకోవాలంటే వారానికి కనీసం ఐదు రోజులు, రోజుకు కనీసం నాలుగు గంటలు స్థిరంగా ఒకచోట తెరిచి ఉండాలి. ఆ షరతును పరీక్షించాలంటే నెలలో ఎన్ని రోజులు కనీసం ఒక్క లావాదేవీ అయినా జరిగిందో ఆ బ్యాంకు నుంచి తీసుకోవాలి. నెలకు ఇరవై పనిదినాలైనా లేని కేంద్రానికి పూర్తి చుక్క పెట్టకూడదు. ఆరు రోజులు పనిచేస్తే ఆరు రోజుల విలువే ఇవ్వాలి. 2018లో మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు వల్ల తపాలా ఉద్యోగి కూడా నగదు ఇచ్చే మనిషే కనుక, బ్యాంకుల జాబితా ఒక్కటే చూస్తే లోటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే ప్రమాదమూ ఉంది.

ఇక దూరం. ఐదు కిలోమీటర్ల వలయం కాకి ఎగిరే దూరం, మనిషి నడిచే దూరం కాదు. వంశధారకు ఆ ఒడ్డున ఉన్న ఊరికి ఈ ఒడ్డున ఉన్న శాఖ మూడు కిలోమీటర్లే అనిపిస్తుంది. వంతెన ఎక్కడుందో చూస్తే అది పదిహేను కావచ్చు. మందస, మెళియాపుట్టి మండలాల్లో మహేంద్రగిరి వైపున్న సవర గిరిజనుల గూడెలకు పటం మీది గీతకూ కాలిబాటకూ పొంతన ఉండదు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఉచిత డిజిటల్ పటంలోని రోడ్లను తీసుకుని, తారు రోడ్డుకు ఒక వేగం, మట్టి రోడ్డుకు ఒకటి, కొండ బాటకు నడక వేగం ఇచ్చి నిమిషాల్లో కొలవాలి. ఆటో తిరగని దారిని ఆటో వేగంతో కొలవడం మామూలుగా జరిగే పొరపాటు. వర్షాకాలానికి వేరే పటం వేసి, వాగు మీద కాజ్‌వే మునిగే చోట ఆ దారిని తెంచేసి మళ్ళీ లెక్క కట్టాలి.

500 గడపల నిబంధన కొండలకు అసలు సరిపడదు. సవర గూడెల్లో చాలావాటికి గడపలు పదుల్లోనే ఉంటాయి. జనగణన రెవెన్యూ గ్రామాన్ని ఒక్క బిందువుగా చూపిస్తుంది కాబట్టి, దాని కింద ఉన్న నాలుగైదు గూడెలు ఆ బిందువు దగ్గరే ఉన్నట్టు లెక్కలోకి వస్తాయి. దిగువ ఊరికి సేవ అందితే పైనున్న గూడెలకూ అందినట్టే రాసుకుంటాం. అంగన్‌వాడీ కేంద్రాల జాబితానో ఉపాధి హామీ శ్రమశక్తి సంఘాల జాబితానో తీసుకుని ఆవాసాలను విడివిడిగా గుర్తిస్తే తప్ప ఈ తప్పు సరికాదు.

జిల్లా సరిహద్దు దగ్గర తప్పు ఎదురు దిశకు తిరుగుతుంది. పాతపట్నానికి ఆనుకునే ఒడిశాలోని పర్లాకిమిడి ఉంది. అవసరమైన సరుకులకు అటు వెళ్ళే జనం నగదు కూడా అక్కడే తీసుకోవచ్చు. జిల్లా గీత దగ్గర పటం కత్తిరిస్తే అలాంటి ఊళ్ళు లేని లోటుతో కనిపిస్తాయి. సరిహద్దుకు అవతల పదిహేను కిలోమీటర్ల వరకు ఒడిశా కేంద్రాలను కూడా చేర్చుకోవడం మంచిది. విశాఖ వైపు కొత్తవలస మండలానికీ ఇదే వర్తిస్తుంది.

దూరం తేలాక రద్దీని లెక్కలోకి తేవాలి. రెండు మెట్ల పద్ధతి ఒకటుంది. మొదటి మెట్టులో ప్రతి కేంద్రానికీ అరగంటలో చేరుకోగల పెద్దవాళ్ళు ఎందరో లెక్కపెట్టి, వెయ్యి మందికి ఎన్ని కేంద్రాలో రాయాలి. రెండో మెట్టులో ప్రతి ఊరికీ, అది చేరుకోగల కేంద్రాలన్నిటి విలువలనూ కూడాలి. ఉదాహరణకు ఒక బ్యాంకు మిత్ర పరిధిలో 4,000 మంది ఉంటే విలువ 0.25. ఇంకో కేంద్రం పరిధిలో 2,000 మంది ఉంటే 0.5. రెండింటికీ వెళ్ళగల ఊరికి 0.75, మొదటిదానికే వెళ్ళగల ఊరికి 0.25. వలయాల పటంలో ఈ రెండు ఊళ్ళూ ఒకే రంగులో ఉంటాయి.

ఇంతా చేసి, కేంద్రం దాకా వెళ్ళినవాడికి డబ్బు వచ్చిందా?

ఆధార్ ద్వారా నగదు తీసే పద్ధతిలో ఒక్కోసారికి పది వేల రూపాయల దాకా తీసుకోవచ్చు. అది విఫలం కావడానికి ప్రధానంగా మూడు కారణాలు. వేలిముద్ర పడకపోవడం, బ్యాంకు మిత్ర దగ్గర నగదు లేకపోవడం, సిగ్నలో సర్వరో పనిచేయకపోవడం. మూడింటికీ మందు వేరు కనుక మూడింటినీ విడివిడిగా నమోదు చేయాలి.

వేలిముద్ర సంగతి ఈ జిల్లాల్లో వృత్తిని బట్టి మారుతుంది. పలాస–కాశీబుగ్గలో జీడి పిక్కలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళను జీడి తొక్కలోని నూనె కాల్చేస్తుంది, చర్మం ఊడివస్తుంది. నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేసేవాళ్ళవీ, సిమెంటు పనికి వలసపోయి వచ్చినవాళ్ళవీ వేళ్ళు అరిగిపోతాయి. ముసలితనంలో గీతలు పలచబడటం సరేసరి. కాబట్టి వైఫల్యాల పటం మీద పలాస చుట్టూ ఎర్రటి మచ్చ కనిపిస్తే అక్కడ ఇంకో బ్యాంకు మిత్రను పెట్టి లాభం లేదు. పది వేళ్ళలో ఏ వేలు బాగా పడుతుందో ఒకసారి పరీక్షించి పాసుపుస్తకం మీద రాసిపెట్టడం, ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు మళ్ళీ ఇప్పించడం, ముఖ గుర్తింపుతో పనిచేసే యంత్రం ఉన్న చోటికి పంపడం, రూపే కార్డు పిన్‌తో తీసుకోవడం నేర్పడం, ఇవీ దారులు. జన్ ధన్ ఖాతాతో వచ్చిన రూపే కార్డు చాలా ఇళ్ళలో ట్రంకు పెట్టెలో కవరు విప్పకుండానే ఉంటుంది.

నగదు లేకపోవడం వెనుక ఉన్న లెక్క బయటివాళ్ళకు తెలియదు. బ్యాంకు మిత్ర తన సొంత పెట్టుబడిని సెటిల్‌మెంట్ ఖాతాలో (లావాదేవీల సొమ్ము జమయ్యే ఖాతాలో), గల్లాపెట్టెలో తిప్పుతాడు. ఒక పంచాయతీలో 200 మందికి ఒకే వారంలో తలా 1,800 రూపాయల ఉపాధి కూలి పడిందనుకుందాం. మొత్తం 3,60,000. అతని దగ్గర తిరిగే సొమ్ము 40 వేలైతే 22 మందికి ఇచ్చేసరికి పెట్టె ఖాళీ. జనం ఖాతాల నుంచి వచ్చిన సొమ్ము అతని ఖాతాలో ఉంది, నోట్లు లేవు. వాటి కోసం మండల కేంద్రంలోని శాఖకు వెళ్ళి వరసలో నిలబడాలి. ఇలా తొమ్మిది సార్లు. వేరే బ్యాంకు ఖాతా నుంచి తీసిన సొమ్ముకు వచ్చే రుసుము 0.5 శాతం, అదీ 15 రూపాయలు దాటదు. 1,800కు తొమ్మిది రూపాయలు. దాన్ని బ్యాంకు, మధ్య సంస్థ, బ్యాంకు మిత్ర పంచుకుంటారు. సగం అతనికి దక్కిందనుకున్నా 22 మందికి 99 రూపాయలు. ఆటో ఖర్చు, శాఖలో పోయిన పూట ఇందులోంచే. ‘సర్వర్ పనిచేయట్లేదు, రేపు రండి’ అన్న మాట చాలాసార్లు ఈ లెక్క నుంచే పుడుతుంది. నగదు లేదని చెప్పుకోవడం కంటే అది సులువు కదా. అనధికారంగా పదో పరకో తీసుకోవడం మొదలయ్యేదీ ఇక్కడే.

అందువల్ల వైఫల్యానికి కారణం బ్యాంకు మిత్రను అడిగి రాసుకుంటే పటం తప్పుతుంది. రసీదు చూడాలి. 51 అన్న కోడ్ వస్తే ఖాతాలో సొమ్ము చాలలేదు. 91 వస్తే ఖాతా ఉన్న బ్యాంకు వ్యవస్థ స్పందించలేదు. అసలు రసీదే లేకపోతే లావాదేవీ మొదలే కాలేదు, అప్పుడు నగదు కొరతను అనుమానించాలి. ఖాతాలో సొమ్ము తెగి చేతికి రాకపోతే ఐదు రోజుల్లో దానంతటది వెనక్కి పడాలి, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలి అన్నది 2019 అక్టోబరు నుంచి ఉన్న నిబంధన. రసీదు లేనివాడికి ఆ హక్కు ఉన్నా నిరూపించుకోవడం కష్టం. కాబట్టి విఫలమైన రసీదు కూడా అడిగి తీసుకోమని సర్వే చేసేవాళ్ళు చెప్పి రావాలి.

సిగ్నల్ విషయం రోజువారీ చికాకు ఒక ఎత్తు, తుపాను ఇంకో ఎత్తు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ కూలాయి. కరెంటు లేనప్పుడు ఏటీఎం ఉండదు, టవర్ ఉండదు, వేలిముద్ర యంత్రం ఉండదు. నోటు తప్ప వేరేదేదీ చెల్లని రోజుల్లోనే నోటు దొరకదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల పటంలో ఏ శాఖకు జనరేటర్ ఉంది, ఏ బ్యాంకు మిత్రకు బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది అన్న పొర ఒకటి విడిగా ఉండాలి.

ఈ మూడు కారణాలనూ ఒక్క అంకెలోకి తేవచ్చు. రానూపోనూ ఖర్చుకు పోయిన కూలిని కలిపి, తిరిగిన సార్లతో హెచ్చించి, చేతికొచ్చిన సొమ్ముతో భాగించాలి. ఆటోకు 40, సగం రోజు కూలి 150, రెండుసార్లు తిరిగితే 380. తీసింది 2,000 అయితే వందకు 19 రూపాయలు. తన డబ్బు తాను తీసుకోవడానికి అయిన ఖర్చు ఇది. ఊరూరికీ ఈ అంకె వేసిన పటం, ఐదు కిలోమీటర్ల పటం, పక్కపక్కన పెడితే ఒకే జిల్లావని నమ్మడం కష్టం.

ఖాతా ఉందా అన్న ప్రశ్న కూడా ఇలాగే మోసం చేస్తుంది. ప్రపంచ బ్యాంకు 2021 సర్వేలో మన దేశంలో పెద్దవాళ్ళలో 78 శాతానికి ఖాతా ఉంది. ఖాతా ఉన్నవాళ్ళలో 35 శాతం దాన్ని ఏడాదిగా వాడలేదు. ఉపాధి కూలీలకు 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపే తప్పనిసరి అయ్యాక, డబ్బు ఆధార్‌కు చివరిగా అనుసంధానమైన ఖాతాలోకి వెళుతుంది. రెండు మూడు ఖాతాలున్నవాళ్ళు అలవాటైన శాఖకు వెళ్ళి ‘పడలేదు’ అనుకుని వచ్చేస్తారు. 2024 ఎన్నికల వేళ ఇదే పెద్ద ఎత్తున బయటపడింది. మార్చి వరకు వాలంటీర్లు గడపకు తెచ్చిచ్చిన మూడు వేల పింఛను, మే నెలలో ఎక్కువమందికి బ్యాంకు ఖాతాలో పడింది. మండుటెండలో శాఖల ముందు బారులు తీరిన ముసలివాళ్ళలో ఎందరికో తమ డబ్బు ఏ బ్యాంకులో పడిందో తెలియదు. జూలై నుంచి సచివాలయ ఉద్యోగులు మళ్ళీ ఇంటికే తెస్తున్నారు కాబట్టి ఆ లోటు కనిపించకుండా ఉంది, తీరి కాదు. పైగా 2014–15లో తెరిచిన జన్ ధన్ ఖాతాలకు పదేళ్ళు నిండి కేవైసీ (ఖాతాదారు గుర్తింపు వివరాలు) మళ్ళీ ఇవ్వాల్సి వస్తోంది. 2025 జూన్ నుంచి బ్యాంకు మిత్రలే దాన్ని తీసుకునే వీలుంది. మీ దగ్గర బ్యాంకు మిత్రకు ఆ సదుపాయం వచ్చిందా అన్నది సర్వేలో తప్పక ఉండాల్సిన ప్రశ్న.

అప్పు విషయానికి వస్తే శాఖ ఎంత దగ్గరున్నా లాభం లేని వర్గం ఒకటుంది, కౌలు రైతులు. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకు చెల్లుతుంది, దానికి భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న అనుమానంతో యజమాని వెనుకాడతాడు. పెట్టినా, అదే సర్వే నంబరు మీద అతను ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వదు. కార్డు చేతిలో ఉంటుంది, అప్పు మాత్రం వడ్డీ వ్యాపారి దగ్గరే. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. సకాలంలో కట్టిన యజమానికి పంట రుణం మీద పడేది నాలుగు శాతం. డ్వాక్రా సంఘాల పుణ్యమా అని ‘పావలా వడ్డీ’ అంటే ఏడాదికి మూడు శాతమని ఈ జిల్లాల్లో బడికి వెళ్ళని ఆడవాళ్ళూ నోటిలెక్కగా చెబుతారు కాబట్టి, సర్వేలో వడ్డీని శాతాల్లో అడగకుండా నెలకు నూటికి ఎంతని అడగాలి.

అప్పు లోటుకు జిల్లా రుణ–డిపాజిట్ నిష్పత్తి (బ్యాంకులు సేకరించిన డిపాజిట్లకు అవి ఇచ్చిన అప్పులు ఎన్నో వంతన్న లెక్క) వాడటం సరికాదు. రణస్థలం మండలం పైడిభీమవరంలో ఒక మందుల కర్మాగారం తీసుకునే రుణం వందల ఊళ్ళ చిన్న అప్పులను మింగేసి సగటును పైకి లేపుతుంది. ఆ రుణం విశాఖలోనో హైదరాబాద్‌లోనో మంజూరైతే లెక్క ఇంకో రకంగా తప్పుతుంది. రిజర్వు బ్యాంకు గణాంకాల్లో మంజూరైన చోటు, వాడిన చోటు విడిగా ఉంటాయి. వాడిన చోటు తీసుకుని, రెండు లక్షల లోపు ఖాతాలను మాత్రమే లెక్కపెడితే ఊరికి దగ్గరగా ఉండే అంకె వస్తుంది. డ్వాక్రా రుణం సంఘం పేరున ఒక్క ఖాతాగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని సభ్యులతో హెచ్చించాలి.

బీమా గురించి ఒక్క మాట చాలు. ప్రధాన మంత్రి పథకాల కింద 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా ఏటా మే చివరి వారంలో ఖాతా నుంచి తెగుతాయి. ఆ వారంలో ఖాతాలో అంత లేకపోతే బీమా ఆగిపోతుంది, ఎవరూ వచ్చి చెప్పరు.

ఈ పటాన్ని మండల స్థాయి బ్యాంకర్ల ఉమ్మడి సమావేశంలో పెడితే ఫలితం ఉంటుంది, ఎందుకంటే ఏ బ్యాంకు మిత్ర నగదు పరిమితి ఎంత పెంచాలో తేల్చగలిగిన శాఖ మేనేజర్లు అక్కడుంటారు. జిల్లా స్థాయికి వెళితే అది సగటుగా మారిపోతుంది. క్షేత్ర సర్వేకు పంచాయతీకి ముప్పై ఇళ్ళు చాలు, కానీ ఎప్పుడన్నది ముఖ్యం. జనవరిలో సంక్రాంతికి చెన్నై, హైదరాబాద్ పనులకు వెళ్ళినవాళ్ళు ఇంట్లో దొరుకుతారు. అయితే పండగ వారంలో ప్రతి ఇంటికీ నగదు కావాలి కనుక ఖాళీ పెట్టెలు ఎక్కువ కనిపిస్తాయి. జూన్‌లో వేస్తే విత్తనాల అప్పు బయటపడుతుంది, వలస వెళ్ళినవాళ్ళు కనిపించరు. రెండుసార్లూ అవే ముప్పై ఇళ్ళకు వెళ్ళాలి, తలుపు వేసి ఉన్న ఇంటికి బదులు పక్కింటిని తీసుకోకూడదు.